సున్నా వేరు, ఖాళీ వేరు

మా డేటాబేస్ ల్యాబ్‌లో మొదట నేర్పిన పాఠం: సున్నా వేరు, నల్ వేరు. సున్నా అంటే ఆడి ఔటయ్యాడు. నల్ అంటే ఆ గడిలో అసలు ఏమీ రాయలేదు. పుస్తకంలో కన్నా ఈ తేడా నాకు అంబటి రాయుడు రికార్డు చూశాకే బాగా ఎక్కింది.

రాయుడు 1985లో గుంటూరులో పుట్టాడు. 55 వన్డేలు, 1694 పరుగులు, సగటు 47.05, మూడు సెంచరీలు. టెస్టుల గడి మాత్రం ఖాళీ.

వన్డే పట్టిక 2013 జూలైలో హరారేలో మొదలవుతుంది. జింబాబ్వే మీద 63 నాటౌట్, అప్పటికి వయసు 27. కానీ హైదరాబాద్ తరఫున అతను రంజీలోకి వచ్చింది 2001-02 సీజన్‌లో, పదహారేళ్ళకే. మధ్యలో పదకొండేళ్ళు ఈ పట్టికలో కనిపించవు.

అమెరికా బేస్‌బాల్‌లో ఇలాంటి ఏళ్ళకి ఒక పేరుంది, మైనర్ లీగ్. సింగిల్ ఎ, డబుల్ ఎ, ట్రిపుల్ ఎ అని మెట్లుంటాయి. చాలామంది ఆ మెట్లు ఎక్కుతూ దిగుతూనే రిటైరైపోతారు. మనకి ఆ మెట్టు రంజీ. తేడా ఏంటంటే, అక్కడ కింది జట్లు పెద్ద క్లబ్బులతో ముడిపడి ఉంటాయి. ఇక్కడ రాష్ట్ర సంఘాలు, పైన బోర్డు.

ఆ ఏళ్ళలో ఏం జరిగిందో చూడండి. 2002 నవంబరులో, 17 ఏళ్ళప్పుడు, ఒకే మ్యాచ్‌లో 210, 159 నాటౌట్ కొట్టాడు. ఎవరి మీద? ఆంధ్ర మీద! (మా నాన్న ఇది ఇప్పటికీ నవ్వుతూ చెప్తారు.) 2004లో అండర్-19 ప్రపంచకప్ కెప్టెన్. తర్వాత ఒక సీజన్ ఆంధ్రకి ఆడి, మళ్ళీ హైదరాబాద్. 2007లో బోర్డు గుర్తించని ఐసీఎల్‌లో చేరాడు, దాంతో రంజీ తలుపు కూడా మూసుకుంది. 2009లో బోర్డు క్షమించాక బరోడా, ముంబై ఇండియన్స్. అంటే కొన్నేళ్ళు అతను ఫెయిలవ్వలేదు, అసలు లెక్కలోనే లేడు.

2019 ప్రపంచకప్‌ది కూడా అదే కథ. ఆ ఫిబ్రవరిలో వెల్లింగ్టన్‌లో 90 కొట్టాడు, మార్చిలో ఆస్ట్రేలియా మీద మూడు మ్యాచ్‌లు సరిగ్గా ఆడలేదు, ఏప్రిల్ జాబితాలో పేరు లేదు. సెలెక్టర్ల ఛైర్మన్ ఎమ్మెస్కే ప్రసాద్, ఆయనదీ గుంటూరు జిల్లానే. విజయ్ శంకర్ మూడు రకాలుగా పనికొస్తాడని తీసుకున్నామన్నారు. మ్యాచ్‌లు చూడ్డానికి త్రీడీ కళ్ళద్దాలు కొన్నానని రాయుడు ట్వీట్ చేశాడు. నాకైతే నవ్వు రాలేదు. తర్వాత శంకర్‌కి దెబ్బ తగిలితే మయాంక్ అగర్వాల్‌ని పిలిచారు. జూలై 3న రాయుడు రిటైర్మెంట్ ప్రకటించాడు, ఆగస్టులో వెనక్కి తీసుకున్నాడనుకోండి. ఆ మార్చి స్కోర్లు నిజమే, వాటిని దాచక్కర్లేదు. కానీ టెస్టుల గడి ఖాళీగా ఉందని టెస్టులకి పనికిరాడని చదివితే అది తప్పు క్వెరీ. రంజీ లాంటి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌ల్లో అతనివి 16 సెంచరీలు.

ఇదంతా ఎందుకు రాశానంటే, మాది ప్రత్తిపాడు వైపు ఊరు. మిర్చి కల్లాల పక్కనే ఆడేవాళ్ళం, బంతి కాయల్లో పడితే ఫోర్ కాదు, తిట్లు. టెన్త్‌లో ఒక సెలెక్షన్‌కి వెళ్ళాను, రాలేదు. బాగా ఆడలేదని అందరికీ చెప్పుకున్నాను. మొన్న సంక్రాంతికి తమ్ముడు మళ్ళీ అడిగాడు, "అన్నయ్యా, ఎన్ని కొట్టావు ఆ రోజు?" అని. రెండు బంతులే ఆడనిచ్చారని వాడికి మొదటిసారి చెప్పాను.