గుండు ఆకారమును, తూటాలో దాని లోతును

మన హైదరాబాదునందు హైటెక్ సిటీ మేడలను దాటి గచ్చిబౌలి వైపు పోయినచో విశ్వవిద్యాలయ ఆవరణము వచ్చును. అందు తుపాకి గురి అభ్యసించు శాల యొకటి కలదు. 2012వ సంవత్సరమున లండను ఒలింపిక్సులో 10 మీటర్ల గాలి తుపాకి పోటీయందు కాంస్య పతకము గెలిచిన గగన్ నారంగ్ గారు ఈ నగరమున పెరిగినవారే. వారి సంగతి తరగతిలో వచ్చినపుడు ఒక విద్యార్థి గాలి తుపాకి గుండు పటమును చూచి, "అయ్యా, గుండు అనగా గుండ్రని దని గదా యర్థము! దీనికి నడుమేల?" అని మమ్ము అడిగెను. ఆ ప్రశ్నకు ఉత్తరమే ఈ పాఠము.

ఆ సీసపు గుండు అడ్డుకొలత 4.5 మిల్లీమీటర్లు, బరువు సుమారు అర గ్రాము. దాని తల బల్లపరుపుగా నుండుటచే కాగితమున గుండ్రని శుభ్రమైన రంధ్రము పడును. నడుము సన్నము. వెనుక భాగము బోలుగా, పావడవలె విచ్చుకొని యుండును. గాలి వచ్చి ఆ బోలులో నొత్తగా పావడ అంచు విరిసి, గొట్టములోని మెలి గాడులను గట్టిగా పట్టుకొనును. కావున గాలి ప్రక్కలకు పోదు. గుండు తిరుగుచు వెడలును. గుండును అమర్చునపుడు అది వంకరగా కూర్చున్నను, అంచు నలిగినను గురి తప్పును. లక్ష్యపు నడిమి చుక్క అర మిల్లీమీటరే గదా!

ఇక మందుతో పేలు రైఫిలు తూటాను చూతము. ఇత్తడి డొల్లలో మందుండును. దాని మూతిలో గుండు కొంత లోతు దిగి యుండును. ఆ లోతును నిర్ణయించునది గుండు ఆకారమే. లెక్క కొరకు మాత్రమే కొన్ని కొలతల ననుకొందము. డొల్ల పొడవు 50 మిల్లీమీటర్లు, తూటా మొత్తము పొడవు 70. మొద్దు ముక్కు గుండు పొడవు 24 అయినచో, 50కి 24 కలిపి 70 తీసివేయగా 4 మిల్లీమీటర్లు లోపల నుండును. అంతే బరువుగల వాడి ముక్కు గుండు పొడవు 30 అయినచో, 10 మిల్లీమీటర్లు లోపలికి దిగును. అపుడు మందునకు చోటు తగ్గును. మందు మారక చోటు తగ్గినచో పేలునపుడు ఒత్తిడి పెరుగును. అది మితిమీరిన తుపాకియే పగులవచ్చును.

అట్లయిన గుండును పైకి లాగి యుంచరాదా? అందును హద్దు కలదు. గుండు నిండు లావునకు వచ్చు చోటును భుజ మందము. ఆ భుజము గొట్టపు గాడులకు ముందే ఒత్తుకొని యున్నను ఒత్తిడి హెచ్చును. మొద్దు గుండునకు భుజము కొనకు దగ్గర. వాడి గుండునకు దూరము. కావున కొననుండి తీసిన కొలత రెంటికిని సరిపోదు, భుజమునుండి కొలువవలెను. దీనిని ఇంటనే చూడవచ్చును. ఒక సీసా మూతిలో వాడి కొనగల క్యారెట్టును, మొద్దు కొనగల దానిని తలక్రిందుగా నిలుపుడు. మొదటిది చాల దిగిన పిదప గాని అంచును తాకదు. రెండవది వెంటనే తాకును.

తూటాల జోలికి మాత్రము పోవలదు. 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము ప్రకారము అనుమతి లేక వానిని తయారుచేయుట నేరము. అనుమతి గలవారును ఒక గుండునకు చెప్పిన మందు తూనికను, పొడవును వేరొక ఆకారపు గుండునకు వాడరు. బరువు ఒకటే గదా యని వాడుట ప్రాణాపాయము.

అభ్యాసము: పై లెక్కలోని డొల్లయందే 27 మిల్లీమీటర్ల గుండు ఎంత లోతు దిగును? మందునకు చోటు పై రెంటిలో దేనికంటె ఎక్కువ, దేనికంటె తక్కువ? కారణముతో వ్రాయుడు.