ఒక కంప్యూటరు జాడ్యము పక్కదానికి సోకునా?

పంచాయతీ కార్యాలయములలోను, కొందరి యిండ్లలోను నేడు రెండుమూడు కంప్యూటర్లు ఒకే వైఫై పెట్టెకు కలుపబడి యున్నవి. వానిలో ఒకదానికి వైరస్ పట్టినచో తక్కినవానికి సోకునా? సోకును, అయితే అన్నియు ఒకే రీతిని ప్రాకవు.

కొన్ని, మనము తెరచిన ఫైలుతోనో, పెన్‌డ్రైవుతోనో మాత్రమే వచ్చును. వర్ము అను జాతి అట్లు కాదు. ఎవరును తాకకయే తన దారి తానే వెదకుకొనును. 2017 మే 12న బయలుదేరిన వన్నాక్రై అట్టిది. విండోస్ కంప్యూటర్లు ఫైళ్లను పంచుకొను ఏర్పాటునందలి లోపమే దానికి ద్వారమయ్యెను. అది 150 దేశములలో వ్యాపించి, ఫైళ్లకు తాళము వేసి, 300 డాలర్లు అడిగెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని దానికి చిక్కినవి. విచారింపదగిన దేమనగా, ఆ లోపమునకు మైక్రోసాఫ్టు మార్చి నెలలోనే మరమ్మతు విడుదల చేసియుండెను! దానిని చేర్చుకొనని యంత్రములే దొరకిపోయినవి.

కావున అప్‌డేట్లను వాయిదా వేయరాదు. అనుమానము కలిగిన కంప్యూటరునుండి మొదట నెట్‌వర్కు తీగ పెరికి, వైఫై ఆపవలెను. మెకానిక్కును పిలుచుట ఆ తరువాత. ఇంటిపన్ను లెక్కలకు వేరొక డిస్కులో నకలు తీసి, పని కాగానే దానిని ఊడదీయుడు. తగిలించియే యుంచినచో ఆ నకలునకు కూడ తాళము పడును.