మట్టిగోడల లోపలి రంగులు

పాఠ్యభాగము: నిర్గమకాండము 31వ అధ్యాయము

దేవుడు బెసలేలును పేరుపెట్టి పిలిచి, చేతిపనికి కావలసిన జ్ఞానమిచ్చెనని ఇచ్చట చదువుచున్నాము. ప్రార్థన చేయుచోట రంగులెందుకని అడుగువారు మనలో గలరు. నేనును ఒకప్పుడు అట్లే తలంచితిని.

1648లో ముప్పదేండ్ల యుద్ధము ముగిసిన పిమ్మట, సైలీషియాలోని లూథరన్ విశ్వాసులకు మూడు దేవాలయములు కట్టుకొనుటకు చక్రవర్తి సెలవిచ్చెను. షరతులు మాత్రము కఠినమైనవి. రాయి, ఇటుక పనికిరావు. కర్ర, మట్టి, ఇసుక, గడ్డి చాలును. ఊరి గోడకు వెలుపలనే కట్టవలెను. గోపురము గాని గంట గాని ఉండరాదు. ఒక్క సంవత్సరములో ముగించవలెను.

ష్విద్నిత్సలో 1656-57లో కట్టినది నేటికిని నిలిచియున్నది. ఆ ఊరు ఇప్పుడు పోలండులోనిది. వెలుపలినుండి చూచిన పెద్ద ధాన్యపు కొట్టమనుకొందుము. లోపల సుమారు 7,500 మంది పట్టుదురు. 1690లలో కప్పుమీద ప్రకటన గ్రంథములోని దర్శనములను చిత్రించిరి: బబులోను పతనము, అంత్యతీర్పు, పరలోక యెరూషలేము. చుట్టునున్న మేడవరుసల పలకలమీద చిత్రములును లేఖన వాక్యములును గలవు. రాయిని నిషేధించిన చక్రవర్తికి రంగును నిషేధించుట తోచలేదు కాబోలు!

1707లో ఆంక్షలు సడలెను; మరుసటి యేట దేవాలయమునకు ఎడముగా గంటస్తంభము లేచినది. గంటకంటె పండ్రెండేండ్ల ముందే రంగులు వచ్చెను.