టర్బో లేని కారుకి టర్బో పెట్టాలా? ముందు ఈ నంబర్ చూడండి

టర్బో కిట్ ధర కంటే ముందు నేను ఇంజిన్ కంప్రెషన్ రేషియో చూస్తా. తొలితరం మాజ్దా ఎంఎక్స్-5 1.6లో అది 9.4:1, టయోటా 86లో 12.5:1. ఎక్కువైతే బూస్ట్‌కి చోటు తక్కువ. 7 పీఎస్‌ఐ చిన్నదనుకోకండి: బయటి గాలి ఒత్తిడే సుమారు 14.7, అంటే దాదాపు ఒకటిన్నర రెట్ల ఒత్తిడితో గాలి లోపలికి వెళ్తుంది. పెట్రోలూ అదే లెక్కన పెరగాలి. పాత ఇంజెక్టర్లు అందించలేకపోతే, మంట చేరకముందే మిశ్రమం తనంతట తానే పేలుతుంది. అదే నాకింగ్, పిస్టన్లు పగిలేది దానివల్లే. ఫోన్ వేడెక్కితే ప్రాసెసరే స్పీడ్ తగ్గించుకుంటుంది. నాక్ సెన్సర్ లేని పాత ఇంజిన్‌కి ఆ తెలివి ఉండదు. అందుకే బడ్జెట్ తక్కువుంటే చిన్న టర్బో తీసుకుని, మిగిలింది ఇంజెక్టర్లు, ఇంటర్‌కూలర్, ఈసీయూ ట్యూనింగ్ మీద పెట్టండి. మన దేశంలో ఇదంతా ట్రాక్ కారుకే: రోడ్డు మీద తిరిగే బండి ఇంజిన్‌ని అనుమతి లేకుండా ఇలా మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కి విరుద్ధం.