ఎలక్ట్రానులకొక కూజా

ఖమ్మం ఎండలలో కూజా నీరు చల్లబడుటకు కారణమేమని అడిగినచో, మట్టికి చలువ గుణం కలదని చెప్పే విద్యార్థులు నేటికీ ఉన్నారు. మట్టి చేసేది నీటిని పైకి స్రవింపజేయుటే. పైకి వచ్చిన అణువులలో అధిక గతిజశక్తి గలవి ఆవిరియై పోవును. మిగిలినవాటి సగటు శక్తి తగ్గును. సగటు తగ్గుటయే చల్లబడుట. (కూజా అన్న మాట ఫారసీ నుండి వచ్చినదని మన తెలుగు విద్యార్థులలో ఎందరికి తెలియును?)

ఎలక్ట్రానులను కూడ ఈ విధంగా వడగట్టవచ్చును. 1911లో కామర్లింగ్ ఓన్స్ పాదరసంలో కనుగొన్న అతివాహకత్వం ఇందుకు సాధనమైనది. అల్యూమినియం సుమారు 1.2 కెల్విన్ దిగువన అతివాహకమగును. అప్పుడు దాని శక్తిస్థాయిల నడుమ ఒక ఖాళీ ఏర్పడును. అందులో ఏ ఎలక్ట్రానుకూ చోటు లేదు. మాలిన్యం అధికంగా కలిపిన సిలికానుపై అల్యూమినియం పూసినచో, సరిహద్దున షాట్కీ అవరోధం దానంతటదే ఏర్పడును. సాధారణ లోహంతో చేయునపుడు కావలసిన ఆక్సైడు పొర ఇక్కడ అవసరం లేదు. ఆ ఖాళీకి కొంచెం తక్కువగా వోల్టేజి ప్రయోగించగా, వేడి ఎలక్ట్రానులు మాత్రమే అవరోధం గుండా అల్యూమినియంలోకి పోవును. కూజా నీరు క్రమంగా తరిగిపోవును గాని ఇక్కడ ఆ లోటు లేదు. పోయినవాటి స్థానంలో రెండవ అల్యూమినియం స్పర్శ నుండి అల్పశక్తి గల ఎలక్ట్రానులు వచ్చి చేరును. వోల్టేజి మితిమీరినచో చల్లనివి కూడ వెడలిపోవును. అప్పుడు మిగిలేది వేడిమియే.

అయితే సిలికాను ముక్క యావత్తూ చల్లబడినదా? లేదు. ఒకే ముక్కలో ఎలక్ట్రానులకొక ఉష్ణోగ్రత, స్ఫటిక జాలకానికి మరొకటి! పాఠ్యపుస్తకాలు ఈ సంగతిని తగినంతగా చెప్పవని నా అభిప్రాయం. జాలక కంపనాల నుండి ఎలక్ట్రానులకు వేడిమి నిరంతరం చేరుచుండును. సాధారణ లోహాలలో ఈ ప్రవాహం ఉష్ణోగ్రత యొక్క ఐదవ ఘాతాన్ని అనుసరించును. ఉష్ణోగ్రత సగమైనచో ప్రవాహం 32వ వంతుకు తగ్గును. కనుకనే మన గది ఉష్ణోగ్రత వద్ద అసాధ్యమైనది అక్కడ సాధ్యమగుచున్నది.

2011లో ఇంగ్లండులోని వార్విక్ విశ్వవిద్యాలయ, ఫిన్లండు శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఫలితం చూడుడు. మామూలు సిలికానులో ఎలక్ట్రానులు 300 మిల్లీకెల్విన్ నుండి 258కి మాత్రమే దిగినవి. పరమాణువుల అమరికను కొంచెం సాగదీసిన సిలికానులో 174కు దిగినవి. తగ్గుదల 42కు బదులు 126, అనగా సరిగ్గా మూడు రెట్లు. సాగదీయుట వలన జాలకానికీ ఎలక్ట్రానులకూ గల బంధం సడలినది. 2014లో ఇట్టి సిలికానుతోనే సూక్ష్మ వికిరణాన్ని పసిగట్టే గ్రాహకమును కూడ నిర్మించిరి.

ఇంత చేసినను ఆ మొదటి 300 మిల్లీకెల్విన్ వరకు చల్లబరచుటకు వేరొక శీతలీకరణ యంత్రం కావలసినదే.