పంచాయతీకి ధనమును, పనివారును

మన దేశమునకు ఢిల్లీలో పార్లమెంటు గలదు. రాష్ట్రమునకు హైదరాబాదులో శాసనసభ గలదు. ఈ రెంటిని గూర్చి విద్యార్థులు పాఠ్యపుస్తకములలో చదువుచునే యున్నారు. కాని ఓటుహక్కు గల ప్రతివారును తామే సభ్యులై కూర్చుండదగిన సభ మూడవది యొకటి గలదు. అదియే గ్రామసభ. ఊరి పనులను నడపుటకు ఆ సభ్యులెన్నుకొనినది గ్రామపంచాయతీ. మన కొల్లాపురము పురపాలకసంఘము గల పట్టణమైనను దీని చుట్టునున్నవన్నియు పంచాయతీ పల్లెలే. కావున పంచాయతీ చక్కగా పనిచేయుటకు ఏమి కావలెనో ఇచట విచారింతము.

పూర్వము కొల్లాపురము జటప్రోలు సంస్థానమునకు రాజధాని. ఆ కాలమున పల్లె వ్యవహారములు వంశపారంపర్యముగా వచ్చు పటేలు పట్వారీల చేతులలో నుండెడివి. ఆ వంశపారంపర్యపు ఉద్యోగములు 1984లో రద్దయినవి. అంతకు పూర్వమే, 1957లో, బల్వంతరాయి మెహతా సంఘము ప్రజలెన్నుకొనిన సంస్థలకు గ్రామాభివృద్ధిని అప్పగింపవలెననియు, అధికారముతోపాటు తగిన ధనమును ఇయ్యవలెననియు సూచించెను. 1959 అక్టోబరులో నెహ్రూగారు షాద్‌నగరమునకు వచ్చి పంచాయతీరాజ్యమును ప్రారంభించిరి. ఆ ఊరు అప్పుడు మన మహబూబ్‌నగరు జిల్లాలోనిదే.

పిమ్మట రాజ్యాంగమునకు 73వ సవరణ జరిగి, 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చెను. పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు 29 అని పదునొకండవ షెడ్యూలు తెలుపుచున్నది. ఇచట విద్యార్థులు ఒక వ్యాకరణ విశేషమును గమనింపవలెను. ఐదేండ్లకొకసారి ఎన్నికలు జరుపవలెను. ఐదేండ్లకొకసారి రాష్ట్ర ఆర్థికసంఘమును నియమింపవలెను. ఇవి విధులు. కాని అధికారములను, పన్ను వేయు హక్కును రాష్ట్రము పంచాయతీకి 'ఇయ్యవచ్చును' అని మాత్రమే యున్నది. 'వలెను' అనుటకును 'వచ్చును' అనుటకును గల భేదములోనే మన పల్లెల కష్టము చాలవరకు ఇమిడియున్నది. సభ యేర్పడుట నిశ్చయము. దాని చేతికి సొమ్ము వచ్చుట అనిశ్చయము.

ఇప్పుడొక లెక్క వేయుదము. ఒక పల్లెలో 400 ఇండ్లున్నవనుకొనుడు. ఇంటికి ఏడాదికి సగటున 300 రూపాయల పన్ను. అందరును చెల్లించినచో వచ్చునది 1,20,000 రూపాయలు, అనగా నెలకు 10,000. వీధులూడ్చు ఒక్క కార్మికునికి నెలకు 9,500 ఇచ్చినచో మిగులునది 500. వీధిదీపముల విద్యుత్తునకును, నీటి మోటారు మరమ్మతునకును, బ్లీచింగు పొడికిని ఈ ఐదువందలే దిక్కు. సగము మంది పన్ను చెల్లింపనిచో కార్మికుని జీతమునకే చాలదు.

అందుచేతనే పైనుండి వచ్చు నిధులు పంచాయతీకి ప్రాణాధారములు. 2021–26 కాలమునకు పదునైదవ ఆర్థికసంఘము దేశములోని గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలను సిఫారసు చేసెను. అందులో నూటికి 60 వంతులు త్రాగునీటికిని పారిశుద్ధ్యమునకును మాత్రమే వినియోగింపవలెనని నియమించెను. అవి మంచి పనులే. అయినను తమ ఊరికి ముందు కావలసినదేదో నిర్ణయించు స్వేచ్ఛ సభకు తగినంత యుండవలెను గదా! కేరళ రాష్ట్రము 1996లో తన ప్రణాళికా ధనములో నూటికి 35 మొదలు 40 వంతుల వరకు స్థానిక సంస్థలకు అప్పగింప నిశ్చయించి, వాటి ప్రణాళికను ప్రజలనే వేసికొనుమనెను. నమ్మి యిచ్చినచో సభ బాధ్యత నేర్చును.

ఎన్నికలు ఆగినచో ధనమును ఆగును. తెలంగాణలో సర్పంచుల పదవీకాలము 2024 ఫిబ్రవరి మొదట ముగిసెను. తిరిగి ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగెను. నడుమ ప్రత్యేకాధికారులు పాలించిరి. ఎన్నికైన పాలకవర్గము లేనందున ఆర్థికసంఘపు నిధులు నిలిచిపోయినవి. ఆ బాధ పడినది పల్లెవారే.

ధనము తరువాత చెప్పదగినది పనివారి సంగతి. ఒకప్పుడు ఒకే కార్యదర్శి పెక్కు గ్రామములను చూడవలసియుండెను. 2018లో క్రొత్త పంచాయతీరాజ్ చట్టము వచ్చిన పిమ్మట రాష్ట్రప్రభుత్వము 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి ఉద్యోగములకు ప్రకటన చేసి, 2019లో నియామకములు జరిపెను. జనన మరణములను నమోదు చేయుట, పన్ను వసూలు, పారిశుద్ధ్యము, మొక్కల పెంపకము, సమావేశపు తీర్మానములను వ్రాయుట—ఇవన్నియు కార్యదర్శి పనులే.

“ఈ జీతముల సొమ్ముతో ఒక బాట వేయరాదా?” అని కొందరందురు. బాట వేయవచ్చును; కాని దాని కొలతలను, ఖర్చును వ్రాసియుంచువారు లేనిచో గ్రామసభలో లేచి లెక్క యడుగువానికి చూపుట కేమియుండును? వ్రాత లేనిచోట విచారణ లేదు; విచారణ లేనిచోట సభ పేరునకు మాత్రమే సభ.

అపొస్తలుల కార్యములలో దీనికి తగిన నిదర్శనము గలదు. దినదినము జరుగు పరిచర్యలో కొందరు విధవరాండ్రకు లోపము జరుగుచున్నదని సణుగు పుట్టగా, అపొస్తలులు ఆ మొరను త్రోసివేయలేదు. అన్ని పనులు తామే చేయుదుమనియు అనలేదు. సంఘమువారిచేత ఏడుగురిని ఎన్నుకొనజేసి ఆ పనిపై నియమించిరి. మంచి మనస్సు ఒక్కటియే చాలదు. ఆ పనికై ప్రత్యేకముగా మనుష్యులుండవలెను.

తల్లిదండ్రులకు మా మనవి యిది. ఇంటిపన్నును గడువులోపల చెల్లించి రసీదు పుచ్చుకొనుడు. 2018 చట్టము ప్రకారము గ్రామసభ రెండు నెలలకొకసారి కూడవలెను. ఆనాడు కూలి పోవునని వెనుదీయక, ఇంటికొక్కరైనను పోయి కూర్చుండుడు. పన్ను చెల్లించినవాని ప్రశ్నకు బలమెక్కువ.

విద్యార్థులారా, మీకు ఓటు వచ్చుటకు ఇంకను కొన్ని సంవత్సరములున్నవి. అయినను మీ పంచాయతీ ఆదాయమెంత, అది ఎచటనుండి వచ్చుచున్నది, పనిచేయువారెందరు, వారికి జీతము ఏ నెలవరకు అందినది అను నాలుగు సంగతులను ఈ సెలవులలో కనుగొని వ్రాసికొనిరండు. తరగతిలో వానిని కలిసి చదువుదము.