అశ్వశాలలో కుక్కుటము : అర్థశాస్త్ర మత్స్యపురాణముల తారతమ్య పరిశీలనము

అశ్వశాలలో గుఱ్ఱములతోపాటు ఇతర ప్రాణులను కూడ పోషింపవలెనని మన ప్రాచీన గ్రంథములు విధించుచున్నవి. ఈ విధులను పాఠము చెప్పునపుడు 'దృష్టిదోష పరిహారార్థము' అని ఒక్కమాటతో దాటివేయుట మనలో పరిపాటియైనది. ఈ వ్యాసకర్తయు చాలకాలము అట్లే చెప్పెను. కాని రెండు గ్రంథములలోని పట్టికలను సరిపోల్చినచో ఒక విశేషము గోచరించును. అర్థశాస్త్రపు పట్టికలో కోడి లేదు. మత్స్యపురాణపు పట్టికలో కలదు. ఈ భేదమునకు హేతువేమో విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

1. కౌటిల్యుని పట్టిక

అర్థశాస్త్రము ద్వితీయాధికరణమున 30వ అధ్యాయము అశ్వాధ్యక్షుని గూర్చినది. ప్రతి గుఱ్ఱమునకును దాని పొడవునకు సమానమైన భుజములు గల చతురస్రస్థానము, నునుపైన పలకల నేల, మేతతొట్టి, మలమూత్రములు వెలికిపోవు మార్గము ఉండవలెనని అందు చెప్పబడినది. ఆ శాలలో వానరము, మయూరము, పృషతము అను చుక్కలజింక, ముంగిస, చకోరము, చిలుక, గోరువంక ఉండవలెనట. కారణము మాత్రము అచట చెప్పలేదు.

ఆ కారణము గ్రంథమునందే మఱియొకచోట లభించుచున్నది. ప్రథమాధికరణము 20వ అధ్యాయమున రాజగృహరక్షణమును చెప్పుచు కౌటిల్యుడు పిల్లి, నెమలి, ముంగిస, పృషతములు పాములను భక్షించుననియు, చిలుక, గోరువంకలు సర్పవిషశంక కలిగినపుడు అఱచుననియు, విషము చేరువనున్నచో చకోరము కన్నులు వన్నె మారుననియు వివరించెను. అశ్వశాలలోని ఏడు ప్రాణులలో ఆఱు ఈ జాబితాలో ఉన్నవి. కావున ఆయన దృష్టిలో అశ్వశాల రాజగృహము వలె సర్పవిషభయము గల స్థానము. అందలి పక్షులు, మృగములు కావలివారు.

మిగిలినది వానరము. హర్షుని రత్నావళి ద్వితీయాంకమున మందుర నుండి తప్పించుకొనిన కోతి అంతఃపురమున కలవరము రేపును. ఆ సందడిలోనే సారిక పంజరము వీడును. లాయపు కీడు కోతి తలపై పడునను అర్థము గల సామెత హిందీలో నేటికిని కలదు. దృష్టిదోషవాదమునకు ఆధారమేదైన ఉన్నచో అది ఈ వానరము విషయముననే కలదు. దానిని పట్టిక అంతటికిని వర్తింపజేయుట సమంజసము కాదు.

2. మత్స్యపురాణపు పట్టిక

మత్స్యపురాణము రాజధర్మ ప్రకరణమున, 217వ అధ్యాయమునందు, అశ్వశాలలో కుక్కుటములను, వానరములను, దూడతోకూడిన ఆవును ఉంచవలెననియు, గుఱ్ఱముల మేలు కోరువాడు మేకలను కూడ పోషింపవలెననియు విధి కలదు. నెమలి, ముంగిస, చకోరములు ఇచట లేవు. కావున సర్పవిషరక్షణ మను సమన్వయము ఈ పట్టికకు చాలదు. ఆ వెంటనే గోగజాశ్వశాలల నుండి సూర్యాస్తమయానంతరము పేడను వెలికి తీయరాదను నియమము చెప్పబడినది. కుక్కుటవిధియు పురీషవిధియు ఇట్లు చేరువగా ఉండుట యాదృచ్ఛికమే కావచ్చును, అయినను ఆలోచింపదగినది.

3. కుక్కుట స్వభావము

అమరసింహుడు కుక్కుటమునకు చెప్పిన పర్యాయపదములలో 'చరణాయుధము' ఒకటి. పోరున ఆయుధమైన ఆ కాలే లాయమున పనిముట్టు. లద్దెను చెదరగొట్టి, జీర్ణము కాని గింజలను, పురుగులను ఏఱుకొని తినుట కోడికి సహజము. మనుస్మృతి ద్విజులకు గ్రామకుక్కుటమును నిషేధించినది. అమేధ్యమును కెలకుట దానికి హేతువని తలచినచో, భోజనమున దోషమైన గుణమే అశ్వశాలలో ఉపకారమగుచున్నది.

నేటి పశువైద్యము దీనిని కొంతవఱకు సమర్థించుచున్నది. హాబ్రోనీమా అను గుఱ్ఱపు కడుపు పురుగు యొక్క పిల్లలు లద్దెలోని ఈగపురుగుల దేహమున పెరిగి, ఈగల ద్వారా మరల గుఱ్ఱమును చేరును. లాయపు ఈగయు తడిసిన గడ్డి, లద్దె కలిసినచోట గ్రుడ్లు పెట్టును. ఈ పురుగులను తిను కోడి ఆ పరంపరను కొంత తెంపును. పూర్తిగా తెంపునని చెప్పరాదు.

4. పురాణము చెప్పని జాగ్రత్తలు

శాస్త్రవిధిని సమర్థించు ఉత్సాహమున అపాయమును మఱువరాదు. దాణాతొట్టిపై, గడ్డిమోపులపై కోళ్లు వ్రాలినచో రెట్ట వలన సాల్మొనెల్లా క్రిములు మేతలో చేరవచ్చును. కోళ్ల రక్తము పీల్చు సూక్ష్మకీటకములు గుఱ్ఱములను కూడ కుట్టి దురద కలిగించును. కావున పగలు లాయమున తిరుగు కోళ్లకు రాత్రి వేఱుగా గూడు ఉండవలెను.

అన్నిటికంటె ఘోరమైనది కోళ్ల దాణా. రక్తపారుడు వ్యాధి రాకుండ అందులో మోనెన్సిన్ అను ఔషధమును కలుపుట కలదు. కిలో బరువునకు సుమారు 200 మిల్లీగ్రాములు కోడికి మారకమాత్ర కాగా, గుఱ్ఱమునకు 2 లేక 3 మిల్లీగ్రాములే చాలును. అది గుండెకండరమును చెఱచును, విఱుగుడు లేదు. ఆ దాణా గుఱ్ఱమునకు అందనిచోట ఉండవలెను. ప్రాచీనుల కాలమున ఈ విషము లేదు; చకోరము కన్ను దీనిని చూపజాలదు.

5. ఉపసంహారము

కౌటిల్యుని పట్టిక రక్షణప్రధానము; పురాణపు పట్టికలోని కుక్కుటము శుచిత్వప్రధానమని ఊహింపవచ్చును. మొదటిది గ్రంథాంతర్గత ప్రమాణముచే సిద్ధము. రెండవది వస్తుస్వభావముచే కలిగిన అనుమానము మాత్రమే. ఈ రెండింటి తారతమ్యమును విద్యార్థులకు తెలుపుట మన విధి. ప్రాచీనవిధిని మూఢాచారమని త్రోసివేయుటయు, విజ్ఞానమని కొండాడుటయు రెండును తొందరపాటులే. ఏ ప్రాణిని ఏ పనికై ఉంచిరని ముందుగా అడిగినచో గ్రంథమే చాలవఱకు సమాధానము చెప్పును. మనుమంచి భట్టు మొదలైన తెలుగు అశ్వశాస్త్రకర్తల గ్రంథములను ఈ దృష్టితో పరిశీలింపవలసియున్నది. విద్వాంసులు అందుకు పూనుకొందురు గాక.